ఆదివారం గంట

డెలానీపూర్,
3 ఆగస్టు 2025.

తమ్ముడు లాయిడ్‌కి,

ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ నేనూ నా మోకాళ్ళ నొప్పులూ క్షేమం. అక్కడ నువ్వు, రీనా, మీ బేకరీ క్షేమమని తలుస్తాను.

చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరం రాయడమేమిటని నవ్వుకుంటావేమో. ఏం చేయను? ఎస్టేటు మాటెత్తగానే నీకు సిగ్నల్ పోతుంది. పార్వతీపురంలో కొండలున్నాయని ఒప్పుకుంటాను గానీ, అవి సరిగ్గా ఆ మాట దగ్గరే అడ్డం పడతాయంటే నమ్మను. కాగితానికి సిగ్నల్ అక్కర్లేదు కాబట్టి ఇక తప్పించుకోలేవు.

పని పూర్తయింది. వండూర్ ఎస్టేటు ఇక మనది కాదు, అందరిదీ. నువ్వు పంపిన అధికారపత్రం సరిపోయింది. ఇద్దరి తరఫునా నేనే దానపత్రం మీద సంతకం పెట్టి వచ్చాను. పెట్టేటప్పుడు బాగానే ఉన్నాను. బస్సెక్కాక మాత్రం ప్రోతరాపూర్ దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. పక్కన కూర్చున్న పిల్ల "ఆంటీ, పానీ చాహియే?" అని సీసా ఇచ్చింది.

తాతయ్య దానయ్య ఈ దీవిలో ఓడ దిగి, అడవి కొట్టి, కొబ్బరి వేసిన పన్నెండు ఎకరాల్లో ఇప్పుడు ఎనిమిదే మిగిలాయి. సునామీలో నేల కుంగి మిగతాది ఉప్పునీటి పాలైన సంగతి నీకు తెలిసిందే. తలల్లేని మొద్దులు ఇంకా ఆ నీళ్ళలోనే నిలబడి ఉన్నాయి. వాటిని తియ్యరట, అలాగే ఉంచి ఒడ్డు వెంట నడకదారి వేస్తారట. పాత ఇంటి పునాది మీద పిల్లల ఉయ్యాలలు వస్తాయి. ఇంటి వెనక గుట్టమీదికి మెట్లు కడుతున్నారు. పేరు మనం కోరిందే, నాన్నగారిదే: దేవప్రసాద్ స్మారక ఉద్యానం. డిసెంబరు 28న, జనం వస్తారని ఆదివారం చూసి, తెరుస్తున్నారు.

చర్చి వరండాలో ఉన్న మన ఎస్టేటు గంటను మళ్ళీ ఒడ్డుకి తీసుకెళ్ళి కడతారు. పక్కనే రాతి పలక మీద చరిత్ర రాయాలని పార్కు ఇంజనీరు వాసుదేవ్ నా వెంట పడుతున్నాడు. మంచి కుర్రవాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. తాతయ్య పాత ఓడ గంట కొనుక్కొచ్చి కట్టడం, పొద్దున పనికి, మధ్యాహ్నం భోజనానికి, సాయంత్రం పని దిగడానికి అది మోగడం, ఇదంతా చెప్పాను. శనివారం సాయంత్రం నాన్నగారు గంటలోపలి ఇనప నాలుక ఊడదీసి పెట్టెలో పెట్టి తాళం వేసేవారనీ, విశ్రాంతి దినాన మన నేలమీద పని గంట మోగకూడదనీ చెబితే ముచ్చటపడి రాసుకున్నాడు.

ఇక అసలు సంగతి. సునామీ వచ్చిన ఉదయం నాన్నగారు గంట కొట్టి ఒడ్డున జాలరి పాకల్లోని నలభై ఒక్కమందిని గుట్ట ఎక్కించి, తాను నీళ్ళలో పోయారు. అప్పుడు నేనిక్కడ డెలానీపూర్‌లో ఉన్నాను. అమ్మ పోయింది. మనింట్లో చూసినవాడివి నువ్వొక్కడివే. ఒక పేజీ రాసి పంపు. నీ మాటల్లోనే పలక మీద చెక్కిస్తాం.

ఆదివారం కూడా బేకరీ తెరుస్తున్నావని రీనా చెప్పింది. నాన్నగారుంటే ఏమనేవారో నీకే తెలుసు.

ప్రేమతో,
సుందరి అక్క.


పార్వతీపురం,
24 ఆగస్టు.

అక్కా,

వందనాలు. ఉత్తరం అందింది. నీ దస్తూరీ చూడగానే తప్పులు దిద్దించుకోవడానికి వచ్చిన పిల్లాడిలా నిలబడి చదివాను.

ఇక్కడ వానలు. పిండి సరిగ్గా పొంగడం లేదు. ఆదివారం బన్నులు బాగా పోతాయి, అందుకే తెరుస్తున్నాను. అంతకుమించి ఏమీ లేదు.

చరిత్రలో ఇది కూడా రాయించు. తాతయ్య మొదటి విత్తనపు కాయలు కార్ నికోబార్ నుంచి తెప్పించాడు. నారు పోసింది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన జాలరి కుటుంబాలు. వాళ్ళకి ఒడ్డు పక్కన పాకలు వేసుకోవడానికి చోటిచ్చింది తాతయ్యే. వేటలేని రోజుల్లో వాళ్ళే చెట్లెక్కేవాళ్ళు. నూకన్న రోజుకి నలభై చెట్లు ఎక్కేవాడు.

ఆ రోజు గురించి నాకు పెద్దగా గుర్తులేదు. చర్చిలో ఏటా పాస్టరుగారు చెప్పేదే రాయించు, చాలు.

ఒక మాట. పార్కుకి తాతయ్య పేరు పెడితే ఎలా ఉంటుంది? అడవి కొట్టింది ఆయనే కదా. ఆలోచించు.

రీనా నీకు నానఖటాయి బిస్కెట్లు పంపుతోంది. తేమ తగలకుండా డబ్బా మూత గట్టిగా పెట్టుకో.

నీ తమ్ముడు,
లాయిడ్.


డెలానీపూర్,
14 సెప్టెంబరు, ఆదివారం.

లాయిడూ,

నానఖటాయి అందింది. సగం పొడైంది, దాన్ని టీలో వేసుకుని తాగాను. బాగుంది.

నీ ఉత్తరం మాత్రం బాగోలేదు. తాతయ్య పేరా? తాతయ్య మంచం మీద, మనవల మధ్య, ప్రార్థన వింటూ పోయాడు. నాన్నగారు నలభై ఒక్క ప్రాణాల కోసం పోయారు. ఈ ఇరవై ఏళ్ళలో నువ్వు ఒక్క క్రిస్మస్‌కీ రాలేదు, అమ్మ భూస్థాపనకి కూడా ఓడ దొరకలేదన్నావు. నేనేమీ అనలేదు. ఇప్పుడు ఆయన పేరు కూడా నీకు బరువైందా?

ఇంతవరకు ముందే రాసి పోస్టు చేద్దామనుకున్నాను. ఇంతలో ఇంకోటి జరిగింది. అందుకే పది రోజులు ఆగాను.

పార్కులో అద్దాల బీరువా ఒకటి పెడతారట, పాత వస్తువులేమైనా ఇమ్మన్నాడు వాసుదేవ్. అమ్మ పెట్టె తెరిచాను. అడుగున అమ్మ తెల్లచీర ముక్కలో చుట్టి ఏదో బరువుగా తగిలింది. విప్పి చూస్తే గంట నాలుక. కొనదగ్గర తాతయ్య చెక్కిన సిలువ గుర్తు ఉంది. అదే.

అసలు నాలుక సముద్రంలో పోయిందని అమ్మే కదా చెప్పింది! చర్చికి గంట తెచ్చినప్పుడు అందుకే కమ్మరి దగ్గర కొత్తది చేయించారు.

రెండు రోజులు నాకు ఏమీ తోచలేదు. తర్వాత చర్చికి వెళ్ళి గంట చూశాను. ఏళ్ళ తరబడి చూస్తున్న గంటే. అంచు చుట్టూ బయటివైపు సొట్టలున్నాయి. లోపల నున్నగా ఉంది. చెట్లకి తగిలి సొట్టలు పడ్డాయని అందరం అనుకున్నాం. వేలితో తడిమితే తెలిసింది. అన్నీ ఒకే ఎత్తులో, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఎవరో ఇనుముతో పదేపదే అక్కడే కొట్టారు.

ముప్ఫై రెండేళ్ళు టీచరుగా చేశాను లాయిడూ. పిల్లలు ఏదైనా దాచినప్పుడు ముందు వాళ్ళ వాక్యాలు పొట్టివవుతాయి. నీ పోయిన ఉత్తరం మళ్ళీ చదువుకున్నాను.

పెట్టె తాళంచెవి ఎప్పుడూ నాన్నగారి మొలలోనే ఉండేది. గంట కొట్టాలనుకుంటే ఆయన నాలుక తీసుకెళ్ళి తగిలించుకునేవారు కదా? ఇనప కడ్డీ ఎందుకు పట్టుకుంటారు? చర్చిలో గంట మోగినప్పుడల్లా అమ్మ కళ్ళు మూసుకునేది. ప్రార్థన చేసుకుంటోందనుకునేదాన్ని.

ఆ రోజు గంట కొట్టిందెవరు?

సుందరి.


పార్వతీపురం,
5 అక్టోబరు.

అక్కా,

నాలుగుసార్లు రాసి చింపేశాను. ఇది చింపను.

గంట కొట్టింది నూకన్న.

భూకంపం వచ్చినప్పుడు మేమంతా వాకిట్లోకి వచ్చేశాం. గోడ చీలింది. అమ్మ మోకరించింది. అంతా సద్దుమణిగాక నాన్న గడ్డం గీసుకోవడం మొదలుపెట్టారు. తొమ్మిదికి ఆరాధన. ప్రభువు కాపాడిన రోజు ఇంకా పెందలాడే వెళ్ళాలన్నారు. నేను చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాను. అప్పుడు గంట మొదలైంది. మన గంటలా లేదు. పగిలిన చప్పుడు, ఆగకుండా.

సముద్రం వెనక్కి పోవడం నూకన్న చూశాడట, శిబిరంలో పాకలవాళ్ళు చెప్పుకుంటుంటే తర్వాత విన్నాను. గంట దగ్గరికి పరిగెత్తాడు. నాలుక లేదు, శనివారమే తీసేశారు కదా. పక్కన కొబ్బరికాయలు వలిచే గునపం ఉంది. దాన్ని పీకి బయటినుంచి బాదాడు. పాకల్లోవాళ్ళకి అర్థమైంది. ఆదివారం దేవప్రసాద్‌గారి గంట మోగదు. మోగిందంటే ఏదో ముంచుకొచ్చినట్టే. పిల్లల్ని చంకనేసుకుని గుట్టెక్కేశారు.

మనింట్లో వేరేగా అర్థమైంది. నాన్న ముఖం ఎర్రబడింది. సగం చెంప మీద ఇంకా సబ్బు నురగ ఉంది. "ఆదివారం పూట గంట కొట్టేదెవడ్రా! మందిరానికి తయారయ్యే వేళ!" అన్నారు. తువ్వాలు భుజం మీద వేసుకుని, చెప్పులు తొడుక్కుని దిగారు. గంట ఆపడానికి వెళ్ళారు అక్కా. కొట్టడానికి కాదు.

ఇల్లు మెరక మీద ఉంది. ఇంట్లోనే ఉంటే ఆయనకి ఏమీ అయ్యేది కాదు. నీళ్ళు మెట్లదాకా వచ్చి ఆగాయి. ఆ సంగతి నీకు తెలుసు.

రెండో రోజు నాన్న దొరికారు, విరిగిన గంటస్తంభం దగ్గర. నూకన్న దొరకనేలేదు. శిబిరంలో పాస్టరుగారు నా భుజం పట్టుకుని, "గంట అయ్యగారే కొట్టారా బాబూ?" అని అడిగారు. అమ్మ నా ముఖంలోకి చూస్తోంది. నేను తల ఊపాను. అంతే. ఆ తల ఊపడం సాయంత్రానికి సాక్ష్యమైంది, ఆదివారానికి ప్రసంగమైంది, ఇప్పుడు రాతి పలక అవుతోంది.

మాకు నాలుగడుగుల దూరంలో నూకన్న భార్య కాళమ్మ తడిచీరతో, ఎనిమిదేళ్ళ బేబీరాణిని పట్టుకుని నిలబడి ఉంది. విన్నది. ఏమీ అనలేదు. మరుసటి నెల ఓడకే నేను దీవి విడిచాను.

అందుకే తాతయ్య పేరు పెట్టమన్నాను.

లాయిడ్.


డెలానీపూర్,
17 అక్టోబరు.

లాయిడ్‌కి,

ఉత్తరం చేరింది.

కన్నతండ్రి గురించి అలా రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? సగం చెంప మీద నురగతో, కోపంతో, పనివాడిని తిట్టడానికి వెళ్తూ పోయారా నాన్నగారు? ఆయన ఫోటోకి ఏటా దండ వేసేదాన్ని నేను. సండే స్కూలు పిల్లలకి ఆయన కథ చెప్పి పెంచినదాన్ని నేను. వాళ్ళలో ఒకడు కోస్ట్ గార్డులో చేరి, ఆ కథ వినే చేరానన్నాడు. ఇప్పుడు వాడికేం చెప్పను?

ఇరవై ఏళ్ళు నోరు మూసుకున్నవాడివి, ఇంకో ఇరవై ఏళ్ళు మూసుకోలేకపోయావా? అడిగింది నేనే, తెలుసు. అయినా అంటున్నాను.

పలక మీది మాటలు వాసుదేవ్‌కి ఇచ్చేశాను. పాస్టరుగారు చెప్పేవే ఇచ్చాను. ఇక నాకు రాయొద్దు.

సుందరి.


పార్వతీపురం,
27 అక్టోబరు.

అక్కా,

రాయొద్దన్నావు, అందుకే ఇది ఉత్తరం కాదు. ఒక్క మాట. కాళమ్మని అడుగు.

లాయిడ్.


డెలానీపూర్,
16 నవంబరు.

తమ్ముడూ,

పోయిన వారం కాళమ్మ దగ్గరికి వెళ్ళాను.

నీ మాట పట్టుకుని వెళ్ళానని అనుకోకు. నువ్వు అబద్ధమాడుతున్నావని ఆమె నోట విని నీకు రాద్దామని వెళ్ళాను.

వాళ్ళు ఇప్పుడు గుట్ట పక్కనున్న పక్కా ఇళ్ళలో ఉంటున్నారు. బేబీరాణి వండూర్ జెట్టీలో టికెట్ కౌంటర్లో పనిచేస్తోంది. కాళమ్మ గుమ్మంలో కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. నన్ను చూసి పీట వేసింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక చేతిసంచిలోంచి గంట నాలుక తీసి ఆమె ముందు పెట్టాను. దాన్ని చేతిలోకి తీసుకుని, కొన దగ్గరి సిలువ గుర్తుని బొటనవేలితో రుద్దింది.

తర్వాత, "ఇన్నాళ్ళకి అడగడానికి ఒచ్చినారేటి టీచరమ్మా?" అంది.

"నీకు తెలుసా కాళమ్మా?" అన్నాను.

"తెల్దేటి? గుట్టెక్కిన ఓళ్ళందరికీ తెలుసు. ఆ గునపం దెబ్బ ఎవులిదో నాకు తెల్దా? మీ చర్చీ ఓళ్ళకే తెల్దు. మీకు తెల్దని మాకు తెలుసు."

లాయిడూ, ఏటా డిసెంబరు 26న జ్ఞాపకార్థ కూడికకి వాళ్ళంతా వస్తారు. వెనక నిలబడి, నాన్నగారు గంట కొట్టిన ప్రసంగం మొత్తం వింటారు. అయిపోయాక గంట కింద ఒక కొబ్బరికాయ పెట్టి వెళ్ళిపోతారు. మందిరంలో ఇదేం ఆచారమని మనవాళ్ళు గొణిగితే, "మా నాన్నగారి మీద గౌరవం, పోనివ్వండి" అని నేనే సర్దిచెప్పేదాన్ని. ఆ కాయ నూకన్నకి. శవం దొరకనివాడికి వాళ్ళకున్న సమాధి ఆ గంటే. నాకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదే?" అని అడిగాను. గొంతు పెరిగింది కూడా. ఆమె చేపలు పక్కన పెట్టేసింది.

"ఎలాగ సెప్పను? మీ అయ్య ఇంటికాడుంటే బతుకుదురు. మా ఆయన గంట కొట్టబట్టి కదా కిందికి దిగినారు. మీ అమ్మగారు నాకేసి సూసినారు. నీ మొగుడు కొట్టిన గంటకే నా మొగుడు పోనాడు అంటారేమో అని నా గుండి ఆగిపోనాది. ఆవిడ అననేదు. నాను సెప్పనేదు. ఆ పేరు మీకాడే ఉండిపోనీ, మా తప్పుకి అదే పరిహారం అనుకున్నాను."

తప్పట! నలభై ఒక్కమందిని బతికించినవాడి పెళ్ళాం, ఇరవై ఏళ్ళు మనకి తప్పు చేశాననుకుంటూ బతికింది. మనం దండలు వేసుకున్నాం.

ఇంకొకటి చెప్పింది. నువ్వు చూడనిది. గుట్ట సగం ఎక్కి ఆమె వెనక్కి తిరిగి చూసిందట. నాన్నగారు చెయ్యెత్తి అరుస్తూ వెళ్ళారు. నూకన్న కొట్టడం ఆపలేదు, సముద్రం వైపు గునపం చూపించాడు. నాన్నగారు అటు తిరిగారు. "అప్పుడు ఇద్దరూ సెయ్యీ సెయ్యీ పట్టుకున్నారు. ఎవులు ఎవుల్ని లాగుతున్నారో నాకు తెల్దు టీచరమ్మా. తర్వాత నీళ్ళే." అంతే చెప్పింది. ఇంకా అడగాలనిపించింది. అడగలేదు. ఆమె చూసింది అంతే కాబట్టి మనకి దక్కేది కూడా అంతే.

ఇంతలో బేబీరాణి డ్యూటీ నుంచి వచ్చింది. నేను ఏడుస్తుంటే కంగారుపడి, "క్యా హువా ఆంటీ?" అంది. విషయం విని, "బోర్డు మీద ఏం రాసినా మాకేం ఫరక్ పడదు ఆంటీ, సచ్ మే. ఇప్పుడు మార్చాలంటే మీకే కితనా ముష్కిల్, చర్చిలో అందరూ మిమ్మల్నే అంటారు" అంది. పోయిన తండ్రి పేరు తీసుకోవడానికి ఆ పిల్ల నా ఇబ్బంది ఆలోచిస్తోంది చూడు.

వాసుదేవ్‌ని కలిసి, చెక్కడం ఆపమన్నాను. పార్కుకి నూకన్న పేరు పెట్టాలన్నాను. చర్చి పెద్దలు ఇద్దరు ఇంటికొచ్చారు. నాన్నగారి పరువు నా చేతులతోనే తీస్తున్నానన్నారు. పరువు కాదు, అరువు తెచ్చుకున్న పేరు తిరిగి ఇస్తున్నానన్నాను. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

నీ అధికారపత్రంలో "మా తండ్రి పేరుమీద" అని ఉంది కాబట్టి, పేరు మారాలంటే నీ సంతకం మళ్ళీ కావాలి. అక్కడినుంచే కొత్త కాగితం పంపినా చాలునట. ఈ మాట నీకు చెప్పకుండా దాచి, రావాల్సిందేనని రాద్దామనుకున్నాను. మనింట్లో దాచడాలు ఇక చాలు. కాగితం చాలు. కానీ రా.

పోయిన ఉత్తరంలో రాసినవన్నీ మరిచిపో. కోపంలో నేను నాన్నగారి కూతుర్నే కదా.

నీ అక్క,
సుందరి.


పార్వతీపురం,
30 నవంబరు.

అక్కా,

సంతకం పెట్టిన కాగితం ఇందులోనే ఉంది. నేను రాను.

ఎందుకో చెప్పాలి. నువ్వు అన్నీ చెప్పావు. నేను ఇంకొకటి దాచాను.

గంట మోగగానే నాన్న చెప్పులు వెతుక్కోలేదు. ముందు నాతో అన్నారు: "లాయిడ్, నువ్వు వెళ్ళి ఆపించరా." నేను ఇస్త్రీపెట్టె పక్కన పెట్టలేదు. ఆ వారమంతా మాకు పడటం లేదు, నీకు తెలుసు. బేకరీ పెట్టుకుంటానంటే వద్దన్నారు, కొబ్బరి ఉండగా రొట్టెలమ్ముకుంటావా అన్నారు. ఆ కోపం నాలో ఉంది. "ఆదివారం రూలు మీది. మీరే వెళ్ళి చెప్పుకోండి" అన్నాను. ఆయన నావైపు ఒక క్షణం చూశారు. తర్వాత ఆ నురగ ముఖంతోనే దిగిపోయారు. మెల్లగా నడిచేవారు కదా, ఎడమకాలు ఈడుస్తూ. నేను చొక్కా కాలర్ ఇస్త్రీ చేసుకున్నాను.

అమ్మ గుమ్మంలో ఉంది. అన్నీ విన్నది. అమ్మ ఆ నాలుకను దాచింది నాన్న కోసం అనుకుంటున్నావు నువ్వు. నా కోసం దాచింది. నిజం బయటికొస్తే, "నువ్వెక్కడున్నావు?" అనే ప్రశ్న కూడా వస్తుంది కదా.

దీవి నుంచి వచ్చిన ఓడ దిగినప్పటినుంచి నేను సముద్రం చూడలేదు. విశాఖపట్నం పనిమీద వెళ్ళినా స్టేషన్ నుంచి స్టేషన్‌కే. ఆదివారం కొట్టు ఎందుకు తెరుస్తానో ఇప్పుడు తెలిసిందా? ఆదివారం ఖాళీగా కూర్చుంటే ఆ చప్పుడు వినిపిస్తుంది.

నూకన్న పేరు పెట్టు. నాన్న పేరు కింద రాయి. నా పేరు ఎక్కడా వద్దు. కాళమ్మ ముఖం చూడలేను.

లాయిడ్.


డెలానీపూర్,
9 డిసెంబరు.

నాన్నా లాయిడూ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు గుమ్మం దాటలేదు. ఇంత మోస్తూ అక్కడ ఒక్కడివే పిండి పిసుక్కున్నావా? నేనేమో ఏటా గ్రీటింగ్ కార్డు రాలేదని అలిగాను.

నేనైతే వెళ్ళేదాన్ననుకుంటున్నావా? ఇస్త్రీపెట్టె నా చేతిలో ఉన్నా ఆ మాటే అనేదాన్ని. ఆయనతో మనం అలాగే మాట్లాడేవాళ్ళం, ఆయన కూడా మనతో అలాగే. ఇంకో పావుగంట బతికుంటే తిరిగొచ్చి నిన్ను తిట్టి, టిఫిన్ తినేవారు.

పలక మీది మాటలు ఇవి. తప్పులుంటే చెప్పు.

"26 డిసెంబరు 2004, ఆదివారం ఉదయం ఈ గంటను నూకన్న గునపంతో కొట్టాడు. విన్న నలభై ఒక్కమంది గుట్ట ఎక్కి బతికారు. ఎస్టేటు యజమాని దేవప్రసాద్ ఆదివారం గంట మోగకూడదని ఆపడానికి వచ్చాడు. ఇద్దరూ తిరిగి రాలేదు. ఈ నేల వారి పిల్లలు అందరికీ ఇచ్చారు."

"వారి పిల్లలు" అంటే మనం ముగ్గురం. బేబీరాణిని కూడా కలిపే రాశాను. వాసుదేవ్ సరేనన్నాడు.

గంటకి నాలుక తగిలించడం లేదు. అది అద్దాల బీరువాలో ఉంటుంది. స్తంభం పక్కన గొలుసుతో ఒక గునపం కడతారు. ఏటా డిసెంబరు చివరి ఆదివారం దానితో గంట కొడతారు. మోగగానే పార్కులో ఉన్న ప్రతి ఒక్కరూ పిల్లల్ని పట్టుకుని గుట్ట మెట్లు ఎక్కాలి. ఇది వాసుదేవ్ ఆలోచన. పూలదండలకన్నా ఇదే నయమనిపించింది.

మొదటిసారి ఎవరు కొట్టాలని అడిగాడు. నేను కాళమ్మని అడిగాను. ఆమె, "బాబుని రమ్మనండి" అంది. నీ చివరి ఉత్తరం సంగతి నేను చెప్పలేదు. అది నువ్వే చెప్పాలి.

నాన్నగారు నిన్ను గంట దగ్గరికి వెళ్ళమన్నారు. ఇరవై ఒక్కేళ్ళు ఆలస్యమైంది. పర్వాలేదు, ఇప్పుడు వెళ్ళు.

అక్క.


డెలానీపూర్, నీ వంటింటి బల్ల మీద,
28 డిసెంబరు, ఆదివారం, ఉదయం ఆరుంపావు.

అక్కా,

నువ్వింకా లేవలేదు. ఆరున్నర బస్సుకి వండూర్ వెళ్తున్నాను. తొమ్మిదిన్నరకి నువ్వు వాసుదేవ్ జీపులో వస్తావు కదా, అక్కడ కలుద్దాం. ఎదురుగా ఉన్న మనిషికి ఉత్తరమేమిటని నవ్వకు. నోటితో చెప్పబోతే నాకు మళ్ళీ సిగ్నల్ పోతుంది.

విమానంలో కిటికీ పక్క సీటు వద్దన్నాను. నిన్న సాయంత్రం మాత్రం తప్పలేదు. నువ్వు పలక దగ్గర అక్షరాలు దిద్దిస్తుంటే నేను ఒడ్డుకి నడిచాను. మన మొద్దుల మధ్య నీళ్ళు కదలకుండా ఉన్నాయి. కాళమ్మ గంట కింద కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టదనుకున్నాను. "బొద్దుగైపోనావు బాబూ, రొట్టెలు నువ్వే తినేస్తన్నావేటి?" అంది.

అంతా చెప్పేశాను. నన్ను వెళ్ళమన్నారని, వెళ్ళలేదని, ఇస్త్రీ చేసుకున్నానని. విని, గునపం గొలుసు చిక్కు విప్పింది. తర్వాత అంది: "నువ్వు ఎళ్ళుంటే ఏటయిపోను? కుర్రోడివి, పరిగెట్టుకునొచ్చి ఆడి సెయ్యట్టుకుని ఆపీసుందువు. మీ అయ్య కాలీడ్చుకుంటా మెల్లగొచ్చినారు. ఆరొచ్చేదాకా మోగింది బాబూ. నాను బేబీని సంకనేసుకుని ఎక్కీడానికి అదే టైమిచ్చింది."

నేనలా ఎప్పుడూ ఆలోచించలేదు. అది నిజమో, నా కోసం అన్న మాటో నాకు తెలియదు. ఆమె ముఖం మాత్రం చూశాను. చూడగలిగాను.

గునపం చేతికిచ్చి ఎలా కొట్టాలో చూపించింది. అంచు దగ్గర, బయటినుంచి, పాత సొట్టల మీదే. చప్పుడు వస్తే గుట్ట పక్క ఇళ్ళవాళ్ళు పరిగెత్తుతారని ఊరికే ఆనించి చూపించింది.

ఈసారి తాను గుట్ట ఎక్కనంది. ఆ గంట మోగితే తన కాళ్ళు వాటంతటవే లేచిపోతాయట, అందుకని నా చొక్కా పట్టుకుని నిలబడతానంది.

అక్కా, మోకాళ్ళ నొప్పులని నువ్వు కింద ఆగిపోకు. పదింటికి గంట మోగగానే అందరితో పాటు మెట్లెక్కు. సగం ఎక్కాక వెనక్కి తిరిగి చూడు. గంట దగ్గర ఇద్దరం కనబడతాం.

లాయిడ్.